అకొంకాగువా: గైడ్ల వెంట శిఖరారోహణ

అకొంకాగువా దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతశ్రేణిలో అన్నిటికంటే ఎత్తైన శిఖరం. అర్జెంటీనాలోని మెండోసా ప్రావిన్సులో, చిలీ సరిహద్దుకు సుమారు 15 కిలోమీటర్ల దూరంలో ఉంది. ఎత్తు 6,961 మీటర్లు. ఆసియా ఖండాన్ని పక్కనపెడితే భూమి మీద ఇంతకు మించిన కొండ లేదు. దక్షిణార్ధగోళంలో వేసవి కనుక ఏటా నవంబరు నడుమ మొదలై మార్చి నడుమ దాకా ఇక్కడ ఆరోహణల కాలం. వచ్చేవాళ్ళలో చాలామంది ఏదో ఒక సంస్థకు డబ్బు కట్టి, గైడ్ నడిపే బృందంలో చేరి, రెండున్నర మూడు వారాలు కొండ మీద గడుపుతారు.

మామూలు దారిన పోతే ఈ కొండకు తాళ్ళతో పని లేదు. చేతులతో పట్టుకుని ఎగబాకాల్సిన గోడలు లేవు. అందుకే దీన్ని నడిచి ఎక్కగలిగిన కొండల్లో ప్రపంచంలోనే ఎత్తైనదని చెప్పుకుంటారు. ఆ మాట అబద్ధం కాదు గాని, దాన్ని నమ్ముకుని వచ్చి దెబ్బతిన్నవాళ్ళు చాలామంది. బయలుదేరినవారిలో సగం కంటే తక్కువమందే పైదాకా వెళ్తారని అక్కడి గైడ్లు ముందే చెప్పేస్తారు. ఇప్పటిదాకా ఈ కొండ మీద చనిపోయినవారు వందకు పైనే. నడక దారి ఇంతమందిని ఎందుకు వెనక్కి పంపుతుందో తెలిస్తే అక్కడ గైడ్ చేసే పని ఏమిటో తెలుస్తుంది.

కొండ, దాని పేరు

శిఖరం నిండా అగ్నిపర్వత శిలలే అయినా అకొంకాగువా అగ్నిపర్వతం కాదు. ఆ శిలలు మయోసీన్ యుగంలో, కోటి సంవత్సరాల కిందటి అటూఇటూ కాలంలో బయటపడిన లావా నుంచి ఏర్పడ్డాయి. పసిఫిక్ సముద్రం కింద ఉన్న నాజ్కా ఫలకం దక్షిణ అమెరికా ఫలకం కిందికి దూరుతూ, ఈ ప్రాంతంలో నిట్టనిలువుగా దిగకుండా దాదాపు బల్లపరుపుగా సాగుతోంది. దాంతో ఇక్కడ అగ్నిపర్వతాలు చల్లారిపోయాయి, పైనున్న నేల మాత్రం ముడతలు పడి ఇంత ఎత్తుకు లేచింది. దీనికి ఉత్తరాన, దక్షిణాన ఆండీస్‌లో ఇంకా పొగలు కక్కే శిఖరాలు ఉన్నాయి, ఈ నడిమి భాగంలో లేవు.

పేరు ఎక్కడిదన్న దాని మీద తగువు తీరలేదు. కెచువా భాషలో ‘రాతి కావలివాడు’ అనే అర్థమున్న మాట నుంచి వచ్చిందని ఒక వాదన. మపూచే భాషలో ‘అవతలి వైపు నుంచి వచ్చేది’ అనే అర్థమున్న మాటనుంచి, చిలీలో పారే అకొంకాగువా నది పేరు మీదుగా వచ్చిందని మరో వాదన. పర్యాటకుల కరపత్రాలన్నీ మొదటి వాదననే అచ్చువేస్తాయి. వినసొంపుగా ఉండడమే కారణం కావచ్చు.

ఇంకాలకు ఈ కొండ పరిచయమేనని 1985లో రుజువైంది. నైరుతి పక్కన, సుమారు 5,300 మీటర్ల ఎత్తున, మెండోసాకు చెందిన పర్వతారోహకులకు రాళ్ళ మధ్య ఒక మూట కనిపించింది. విప్పి చూస్తే అందులో ఏడేళ్ళ బాలుడి దేహం ఉంది. పొరలు పొరలుగా బట్టలు చుట్టి, ఈకల వస్త్రం కప్పి, పక్కన ఆరు చిన్న బొమ్మలు పెట్టారు. మూడు మనుషులవి, మూడు లామా జాతి జంతువులవి. దాదాపు 500 ఏళ్ళ కిందట బలిగా అర్పించిన పిల్లవాడు అతడు. ఇంకాలు శిఖరం దాకా వెళ్ళారనడానికి మాత్రం ఆధారం దొరకలేదు. మనుషుల కంటే ముందే ఒక గ్వానాకో, అంటే ఒంటెకు చుట్టమైన ఆండీస్ అడవి జంతువు, పైదాకా వెళ్ళినట్టుంది. ఉత్తర, దక్షిణ శిఖరాలను కలిపే గట్టు మీద 1947లో దాని అస్థిపంజరం బయటపడింది. ఆ గట్టుకు ‘గ్వానాకో అంచు’ అని పేరు స్థిరపడింది. మేత లేని ఆ చోటికి అది ఎందుకు వెళ్ళిందో!

యజమాని ఆగాడు, గైడ్ ఎక్కాడు

ఈ శిఖరాన్ని ఎక్కడానికి మొదటి గట్టి ప్రయత్నం చేసినవాడు జర్మన్ శాస్త్రవేత్త పౌల్ గ్యుస్‌ఫెల్ట్. 1883లో చిలీ వైపు నుంచి వచ్చాడు. వెంట రావడానికి అక్కడి గుర్రపువాళ్ళు ఒప్పుకోకపోతే కొండ మీద నిధి ఉందని చెప్పి ఇద్దరిని కదిలించాడంటారు. కూలి చెప్పకుండా నిధి చెప్పి తీసుకెళ్ళిన ఆ ప్రయాణం సుమారు 6,500 మీటర్ల దగ్గర ఆగిపోయింది. చేతిలో ఉన్న సామగ్రి, ఆనాటి దుస్తులు తలుచుకుంటే అది చిన్న ఎత్తు కాదు.

పదమూడేళ్ళ తర్వాత ఎడ్వర్డ్ ఫిట్జెరాల్డ్ అనే సంపన్నుడు పెద్ద బృందంతో దిగాడు. డబ్బు అతనిది, ప్రణాళిక అతనిది, పేరు రావాల్సిందీ అతనికే. వెంట తెచ్చుకున్న గైడ్ల పెద్ద మథియాస్ జుర్‌బ్రిగెన్ అనే స్విస్ మనిషి. ఆల్ప్స్‌లో ఆరితేరిన జుర్‌బ్రిగెన్ 1892లో కారాకోరం, 1895లో న్యూజీలాండ్ పర్వతాలు చూసి వచ్చినవాడు. ఆర్కోనెస్ లోయ మీదుగా దారి కనిపెట్టి, బృందం మళ్ళీ మళ్ళీ పైకి వెళ్ళింది. ప్రతిసారీ ఫిట్జెరాల్డ్‌కు కడుపులో తిప్పడం, వాంతులు, కాళ్ళు లేవకపోవడం. 1897 జనవరి 14న కూడా అదే జరిగింది. యజమాని వెనక్కి తిరిగాడు, జుర్‌బ్రిగెన్ ఒక్కడే ముందుకు నడిచి శిఖరం చేరి, గుర్తుగా రాళ్ళు పేర్చి దిగాడు. నెల తిరగకముందే, ఫిబ్రవరి 13న, అదే బృందంలోని స్టూవర్ట్ వైన్స్, నికోలా లాంటి అనే ఇద్దరు పైకి వెళ్ళి ఆ రాళ్ళ గుట్టను చూశారు. ఫిట్జెరాల్డ్ మాత్రం చివరిదాకా శిఖరం మీద కాలు పెట్టలేకపోయాడు. అయినా 1899లో ఆ యాత్ర మీద పెద్ద పుస్తకం రాశాడు, తన ఓటమిని అందులో దాచుకోలేదు. అది అతని గొప్పతనం.

అకొంకాగువా చరిత్ర ఇలా ఒక గైడెడ్ యాత్రతోనే మొదలైంది. డబ్బు పెట్టినవాడికి శిఖరం దక్కి తీరుతుందన్న హామీ ఆ రోజే లేదు, ఈ రోజుకీ లేదు. సంస్థలతో చేసుకునే ఒప్పందాల్లో ఈ మాట స్పష్టంగా రాసి ఉంటుంది. సంతకం పెట్టేటప్పుడు దాన్ని శ్రద్ధగా చదివేవాళ్ళు తక్కువ.

తర్వాతి ఘట్టాలను త్వరగా చెప్పుకోవచ్చు. 1934 మార్చిలో పోలండ్ బృందం తూర్పు వైపు హిమానీనదం మీదుగా కొత్త దారి వేసింది. ఆ హిమానీనదానికి నేటికీ వారి దేశం పేరే. అదే నెలలో నికొలాస్ ప్లాంటమూరా శిఖరం చేరిన తొలి అర్జెంటీనా పౌరుడయ్యాడు. 1940లో అడ్రియానా బాన్స్ శిఖరం చేరిన తొలి మహిళ అయ్యింది. నాలుగేళ్ళ తర్వాత ఆమె, భర్త హువాన్ హోర్హే లింక్, మరికొందరు ఇదే కొండ మీద తుపానులో ప్రాణాలు పోగొట్టుకున్నారు. 1954లో రెనే ఫెర్లె నాయకత్వాన ఫ్రెంచివారు దాదాపు మూడు వేల మీటర్ల దక్షిణ ముఖాన్ని జయించి, మంచుకాటుకు వేళ్ళు అర్పించుకుని దిగారు. ఆ ముఖం నేటికీ ఆరితేరినవారికే. గైడెడ్ బృందాలు దాన్ని దూరం నుంచి చూసి ఫొటోలు తీసుకుంటాయి, అంతే.

గైడెడ్ యాత్రలు ఇంతగా పెరగడానికి వేరొక కారణం ఉంది. ఏడు ఖండాల్లోని ఏడు ఎత్తైన శిఖరాలను ఎక్కాలన్న ఆలోచనను డిక్ బాస్ అనే అమెరికన్ వ్యాపారి 1985లో పూర్తిచేసి చూపించాడు. పర్వతారోహణ వృత్తిగా లేని మనిషి, యాభై దాటిన మనిషి ఎవరెస్టు దాకా వెళ్ళాడంటే మేమెందుకు వెళ్ళలేమన్న ధైర్యం చాలామందికి వచ్చింది. ఆ ఏడింటిలో దక్షిణ అమెరికాకు చెందినది అకొంకాగువాయే. ఎవరెస్టుకు వెళ్ళే ముందు ఒంటిని పరీక్షించుకోవడానికి కూడా దీన్ని ఎంచుకుంటారు.

యాత్ర నడిచే తీరు

యాత్ర మెండోసా నగరంలో మొదలవుతుంది. ద్రాక్షతోటలకు, వైన్‌కు పేరుపడ్డ ఊరు. సముద్రమట్టానికి 750 మీటర్ల ఎత్తున, చెట్ల నీడన, వేసవి ఎండలో చెమటలు పోస్తూ ఉంటుంది. ప్రావిన్సు ప్రభుత్వం ఇచ్చే అనుమతిపత్రం తీసుకోవాలి. 1983లో ఏర్పడిన అకొంకాగువా ప్రాంతీయ పార్కుకు ప్రవేశ రుసుము ఏటేటా మారుతుంది, విదేశీయులకు ఎక్కువ. హోటల్ గదిలో గైడ్ ప్రతి ఒక్కరి సామాను నేల మీద పరిపించి చూస్తాడు. రెండు పొరల బూట్లు, క్రాంపన్లు (మంచు మీద జారకుండా బూట్ల అడుగున బిగించే ఇనుప కోరలు), ఐస్ యాక్స్, పక్షి ఈకల కోటు, వేళ్ళు విడివిడిగా లేని మందపాటి చేతితొడుగులు. తక్కువైనవి పక్క వీధిలో అద్దెకు దొరుకుతాయి. పైన చేతితొడుగు ఎగిరిపోతే వేళ్ళు పోతాయి కనుక గైడ్ మొహమాటపడడు. వేసుకొచ్చిన ఖరీదైన జాకెట్టును కూడా పనికిరాదని పక్కన పడేస్తాడు.

అక్కడి నుంచి ఏడో నంబరు జాతీయ రహదారి మీద పడమరకు సుమారు 180 కిలోమీటర్లు. ఉస్పల్యాటా దాటి పెనితెంతెస్, పుయెంతె దెల్ ఇంకా ఊళ్ళ మీదుగా ఆర్కోనెస్ ద్వారం చేరతారు. పుయెంతె దెల్ ఇంకా అంటే ఇంకాల వంతెన. వేడినీటి ఊటల ఖనిజాలు పేరుకుని పసుపు, నారింజ రంగులు తేలిన సహజసిద్ధమైన రాతి వంతెన అది. ఆ ఊరికి దగ్గర్లోనే పర్వతారోహకుల శ్మశానం ఉంది. కొండకు వెళ్ళే దారిలోనే పడుతుంది కాబట్టి చాలా బృందాలు కాసేపు ఆగి వెళ్తాయి.

సామానులో ఎక్కువ భాగం కంచరగాడిదల మీద పోతుంది. వాటిని తోలేవారిని అక్కడ అర్రియేరోలు అంటారు. తలపై టోపీ, నడుముకు కత్తి, చలికి పోంచో. ఒక్కో జంతువు అరవై కిలోల దాకా మోస్తుంది. బరువు రెండు పక్కలా సమానంగా లేకపోతే లోయ అంచున అదుపు తప్పుతుందని, త్రాసులో తూచి, మోకాలితో అదిమి తాళ్ళు బిగించి కడతారు. వాగు దాటేచోట మనుషులు రాళ్ళ మీద తడబడుతుంటే ఈ జంతువులు దుమ్ము రేపుకుంటూ దాటిపోతాయి. మోసేవారు లేకుండా ఈ కొండ మీద ఏ యాత్రా నడవదు. బేస్ క్యాంపు పైన కంచరగాడిదలు రావు. అక్కడి నుంచి పోర్టర్లు ఇరవై కిలోల చొప్పున ఎత్తుకుని, యాత్రికులకు ఆరేడు గంటలు పట్టే దారిని అందులో సగం వేళలో పూర్తిచేస్తారు. శిఖరం మీద తీసిన ఫొటోల్లో వీళ్ళు కనిపించరు.

మామూలు దారిలో మొదటి మజిలీ కొన్‌ఫ్లుయెన్సియా, సుమారు 3,400 మీటర్లు. ఇక్కడ రెండు రాత్రులైనా ఉండాలి. నడుమ ఒక రోజు దక్షిణ ముఖం కనిపించే ప్లాసా ఫ్రాన్సియా దాకా వెళ్ళి రావాలి. తర్వాత రోజు ప్లాయా అంచా అనే విశాలమైన, ఎండిన, గులకరాళ్ళ లోయలో ఎనిమిది తొమ్మిది గంటల నడక. నీడ లేదు, చెట్టు లేదు, ఎదురుగాలి ఉంటుంది. ఆ రోజు చివర వచ్చేది బేస్ క్యాంపు ప్లాసా దె మూలాస్, అంటే కంచరగాడిదల బయలు. ఎత్తు సుమారు 4,300 మీటర్లు. సీజన్‌లో ఇది చిన్న ఊరిలా ఉంటుంది. భోజనాల గుడారాలు, వేడినీళ్ళ స్నానం, ఇంటర్నెట్, మిగేల్ దౌరా అనే చిత్రకారుడు నడిపిన గుడారపు చిత్రశాల కూడా. ఇంత ఎత్తున చిత్రప్రదర్శన మరెక్కడా లేదని గిన్నిస్ పుస్తకానికి ఎక్కింది. సాయంత్రం అర్జెంటీనా వంటవాళ్ళు పిజ్జా కాలుస్తారు. బల్ల చుట్టూ మాటే అనే పానీయం గొట్టంతో సహా చేతులు మారుతుంది. ఆకలి చచ్చిపోయే ఎత్తులో యాత్రికుల చేత తినిపించడం గైడ్ పనుల్లో ఒకటి.

పక్కనే మంచు కత్తుల్లా నిలబడి కనిపిస్తుంది. దాన్ని పెనితెంతెలు అంటారు, అంటే పశ్చాత్తాపం చెందే భక్తులు. పొడిగాలిలో ఎండకు మంచు కరగకుండానే ఆవిరైపోతూ ఇలా మొనలు తేలుతుంది. 1835లో ఈ ఆండీస్ కనుమలు దాటిన చార్లెస్ డార్విన్ వీటిని చూసి రాశాడు.

రెండో దారి తూర్పున వాకాస్ లోయ మీదుగా పోతుంది. మూడు రోజుల నడక తర్వాత ప్లాసా అర్జెంటీనా అనే బేస్ క్యాంపు వస్తుంది. జనసమ్మర్దం తక్కువ, దారి పొడవు. పై క్యాంపుల్లో ఈ దారి మామూలు దారిని కలుస్తుంది. ఏకాంతం కావలసినవారికి ఇదే మేలు.

ఎత్తు చేసే పని

గాలిలో ఆక్సిజన్ పాలు ఎక్కడైనా దాదాపు 21 శాతమే. ఎత్తుకు పోయేకొద్దీ గాలి ఒత్తిడి తగ్గుతుంది కనుక ఒక్కో శ్వాసలో లోపలికి వెళ్ళేది తగ్గుతుంది. అకొంకాగువా శిఖరం మీద దొరికేది సముద్రమట్టంలో దొరికేదాంట్లో 40 శాతానికి కాస్త పైన. మన దేహం దీనికి అలవాటు పడగలదు గాని దానికి రోజులు కావాలి. శ్వాస వేగం పెరగాలి, మూత్రపిండాలు రక్తంలోని క్షారగుణాన్ని సరిచేయాలి, ఎర్రకణాలు పెరగాలి. తొందరపెడితే మొదట తలనొప్పి, వికారం, నిద్రలేమి వస్తాయి. దీన్ని ఆండీస్ ప్రజలు పునా అంటారు. ముదిరితే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది, లేదా మెదడు వాస్తుంది. రెండూ గంటల్లో ప్రాణం తీసేవే. డయామాక్స్, డెక్సామెథసోన్ వంటి మందులు కొంత ఆదుకుంటాయి. అసలు వైద్యం మాత్రం కిందికి దిగడమే.

గైడ్లు పాటించే సూత్రం పాతదే. పగలు ఎత్తుకు ఎక్కు, రాత్రి కింద పడుకో. అందుకే సామానులో కొంత మోసుకుని సుమారు 5,050 మీటర్ల ప్లాసా కనదా దాకా ఎక్కుతారు, అక్కడ దాచి మళ్ళీ బేస్ క్యాంపుకు దిగుతారు. ఒకరోజు విశ్రాంతి, లేదా పక్కనున్న 5,000 మీటర్ల బొనెతె కొండ ఎక్కి రావడం. ఒకే వాలును రెండు మూడుసార్లు ఎక్కి దిగడం కొత్తవారికి వెర్రిపనిలా తోస్తుంది. డబ్బు కట్టింది పైకి వెళ్ళడానికి కదా, వెనక్కి ఎందుకని రెండో వారానికి గొణుగుడు మొదలవుతుంది. ఆరంభశూరులు కొన్‌ఫ్లుయెన్సియాకు అందరికంటే ముందు చేరి, బేస్ క్యాంపులో అందరికంటే ముందు మంచం పడతారు. గైడ్ ఎప్పుడూ ముందు నడుస్తాడు, తన వేగాన్ని కావాలనే పెళ్ళి ఊరేగింపు నడకకు దించేస్తాడు. అతన్ని దాటిపోవద్దన్నది మొదటి రోజు చెప్పే నియమం.

కొన్‌ఫ్లుయెన్సియాలో, ప్లాసా దె మూలాస్‌లో ప్రతి ఒక్కరూ పార్కు డాక్టరు గుడారంలోకి వెళ్ళి రావాలి. లోపల ఒక బల్ల, రక్తపోటు యంత్రం, స్టెతస్కోపు. చూపుడువేలికి రక్తంలో ఆక్సిజన్ శాతం చూపే చిన్న క్లిప్పు పెడతారు. తెర మీద అంకె వణుకుతుంది, 84, 81, 86. మైదానాల్లో 95కు తగ్గితే కంగారుపడే ఆ అంకెను ఇక్కడ చూసి డాక్టరు తల ఊపుతాడు. వీపు మీద స్టెతస్కోపు పెట్టి గట్టిగా ఊపిరి పీల్చమంటాడు. లోపల తడి చప్పుడు వినిపిస్తే మాటలు ఆగిపోతాయి. రక్తపోటు మరీ ఎక్కువుంటే ఉప్పు మానేసి రేపు రమ్మంటాడు. కొందరు ఆ గుడారం బయట నీళ్ళు తాగుతూ, కళ్ళు మూసుకుని, దీర్ఘంగా ఊపిరి తీసుకుంటూ అంకెను పెంచుకోవాలని చూస్తారు. డాక్టరు ఒప్పుకోకపోతే అనుమతిపత్రం ఉన్నా పైకి వెళ్ళడానికి వీల్లేదు.

పై క్యాంపులు వేరే లోకం. సుమారు 5,560 మీటర్ల నిదో దె కోందోరెస్, అంటే రాబందుల గూడు. గాలికి గుడారాలు తన్నుకుంటుంటే రాళ్ళు పేర్చి తాళ్ళు కడతారు. నీళ్ళ కోసం మంచును స్టవ్ మీద కరిగించాలి, ఒక లీటరు కోసం చాలాసేపు కూర్చోవాలి. ఆ గాలి పొడిదనానికి గొంతులో దగ్గు పుట్టి రాత్రంతా వదలదు. రోజుకు నాలుగు లీటర్లు తాగమంటారు. తాగిన నీళ్ళు రాత్రి బయటికి పిలిస్తే, మైనస్ ఇరవైలో గుడారం విప్పలేక సీసాతోనే కానిచ్చేస్తారు. నీళ్ళ సీసాతో అది కలవకుండా గుర్తు పెట్టుకోవడం కూడా అక్కడ ఒక విద్య. ఆపైన 5,970 మీటర్ల దగ్గర కోలెరా, చివరి క్యాంపు.

శిఖరానికి వెళ్ళే రోజు

తెల్లవారుజామున నాలుగు, ఐదు గంటలకు బయలుదేరతారు. అంతకు రెండు గంటల ముందే లేవాలి. లోపలి బూటు స్లీపింగ్ బ్యాగ్‌లో పెట్టుకుని పడుకోకపోతే పొద్దున గడ్డకట్టి ఉంటుంది. బూటు తాడు కట్టుకోవడానికి వంగితే ఆయాసం, లేచి నిలబడితే ఆయాసం. తలదీపాల వరుస చీకట్లో మెల్లగా కదులుతుంది. ముందు పాదం వేయాలి, మోకాలు నిటారుగా బిగించి బరువు ఎముక మీద నిలిపి ఒక ఊపిరి ఆగాలి, ఆ తర్వాతే రెండో పాదం. కండరాలకు ఆ లిప్తపాటు విశ్రాంతి దొరుకుతుంది.

6,400 మీటర్ల ప్రాంతంలో ఇండిపెండెన్సియా అనే విరిగిపోయిన చిన్న చెక్క గుడిసె ఉంది. క్రాంపన్లు సాధారణంగా ఇక్కడ తొడుగుతారు. దాన్ని దాటగానే గట్టు మీద పసిఫిక్ గాలి ఎదురుగా కొడుతుంది. ఆ చోటికి పేరే గాలి కనుమ. తర్వాత పొడవైన అడ్డదారి, వాలును కోస్తూ పోతుంది. అక్కడ పెద్ద సాహసమేమీ లేదు, కానీ చలి పాదాల్లోకి దిగేది అక్కడే. గుహ లాంటి రాతి ఒడిలో కాసేపు కూర్చున్నాక అసలు పరీక్ష వస్తుంది. కనలేతా అనే గాడి. సుమారు మూడు వందల మీటర్ల ఎత్తు దాకా వదులు రాళ్ళు, రాతిపొడి. ఒకడుగు వేస్తే సగం అడుగు వెనక్కి జారుతుంది. సముద్రం ఒడ్డున ఇది ముప్పావు గంట పని. ఇక్కడ రెండు మూడు గంటలు పడుతుంది. గాడి పైన గ్వానాకో అంచు, దాని చివర చదునైన శిఖరం, మీద చిన్న లోహపు శిలువ. దక్షిణ ముఖం కాళ్ళ కింద నిలువునా కిందికి పోతుంది. పైకి రావడానికి ఎనిమిది నుంచి పది గంటలు పట్టి ఉంటుంది. ఉండనిచ్చేది అరగంట.

వెనక్కి తిరగాల్సిన సమయం ముందురోజే నిర్ణయిస్తారు, మామూలుగా మధ్యాహ్నం రెండు. శిఖరం వంద మీటర్ల దూరంలో కనిపిస్తున్నా సరే, ఆ వేళకు తిరగాలి. జీవితకాలపు పొదుపు పెట్టి వచ్చిన మనిషి ఏడుస్తూ నిలబడితే వద్దని చెప్పడానికే గైడ్‌కు జీతం అనుకోవచ్చు. దారి చూపడం ఇక్కడ పెద్ద పని కాదు, దారి ఎదురుగా కనిపిస్తూనే ఉంటుంది. ఎవరి మాట తడబడుతోంది, ఎవరు చేతితొడుగు తీసి మళ్ళీ వేసుకోలేకపోతున్నారు, ఎవరు అడిగినదానికి అడగనిది చెబుతున్నారు అని చూసుకోవడమే అతని పని. ముగ్గురు నలుగురికి ఒక గైడ్ ఉండాలన్న లెక్క అందుకే. ఒకరిని దింపాల్సి వస్తే మిగతావారి వెంట ఇంకొకడు ఉండాలి. మెండోసాలో ఉన్నత పర్వత గైడ్లను తయారుచేసే ప్రాంతీయ పాఠశాల ఉంది. అక్కడ చదివి లైసెన్సు పొందినవారు పార్కులో బృందాలను నడుపుతారు.

తెల్లగాలి

స్పానిష్‌లో వియెంతొ బ్లాంకో, అంటే తెల్లగాలి. అకొంకాగువా మీద అందరూ భయపడేది దీనికే. పసిఫిక్ నుంచి వచ్చిన తేమగాలి కొండను కొట్టి శిఖరానికి టోపీలాంటి మబ్బు పెడుతుంది. కింద ఆర్కోనెస్‌లో ఎండ కాస్తూ ఉంటుంది, పైన మంచు అడ్డంగా ఎగిరి చేయి చాస్తే వేళ్ళు కనిపించవు. శిఖరం మీద టోపీ కనిపిస్తే ఆ రోజు ఎవరూ కదలకూడదన్నది అర్రియేరోలకు కూడా తెలిసిన లెక్క. ఇప్పుడు ఉపగ్రహ అంచనాలు గాలి వేగాన్ని గంట గంటకూ చెబుతున్నాయి. గాలి తగ్గే రోజు కోసం ఆగడానికే యాత్ర ప్రణాళికలో రెండు మూడు ఖాళీ రోజులు ముందే పెట్టుకుంటారు.

2009 జనవరిలో ఇటలీ నుంచి వచ్చిన బృందాన్ని ఫెదెరికో కంపానీనీ అనే అర్జెంటీనా గైడ్ నడిపించాడు. శిఖరం దగ్గర తుపాను పట్టుకుంది. దిగేటప్పుడు దారి తప్పి పోలిష్ హిమానీనదం వైపు వెళ్ళారు. బృందంలో ఒక మహిళ చనిపోయింది. సహాయక బృందం చేరేసరికి కంపానీనీ లేచి నిలబడలేని స్థితిలో ఉన్నాడు. అతన్ని దింపలేకపోయారు, అతను అక్కడే చనిపోయాడు. ముగ్గురు ఇటాలియన్లు బతికారు. తర్వాత బయటికి వచ్చిన వీడియో చూసి అర్జెంటీనా కలత చెందింది. అంత ఎత్తున మనిషిని మోయడం ఎంత కష్టమో తెలిసినవారికి, తెలియనివారికి మధ్య ఆ చర్చ చాలాకాలం సాగింది. అతని ప్రాణం మీదికి తెచ్చిన ఆ దారి కొండను చూసినవారికి పెద్ద పజిల్ కాదు. మబ్బులో ఒక గట్టుకు కుడివైపు దిగాలో ఎడమవైపు దిగాలో అన్న ఒక్క నిర్ణయమే.

తెలుగువారి లెక్క

నెల్లూరు జిల్లాకు చెందిన మల్లి మస్తాన్‌బాబు 2006లో ఏడు ఖండాల శిఖరాలను 172 రోజుల్లో ఎక్కాడు. కోరుకొండ సైనిక్ స్కూలు, జంషెడ్‌పూర్ ఎన్‌ఐటీ, ఖరగ్‌పూర్ ఐఐటీ, కలకత్తా ఐఐఎం చదువుల తర్వాత కొండలనే పట్టుకున్న మనిషి. అకొంకాగువా శిఖరం చేరింది ఆ ఏడాది ఫిబ్రవరి 17న, శుక్రవారం. మిగతా ఆరు శిఖరాలూ వారంలోని మిగతా ఆరు రోజుల్లో ఒక్కొక్క రోజున పడ్డాయి. తేదీలు తీసి చూస్తే గాని నమ్మబుద్ధి కాదు. తర్వాత కూడా ఆండీస్‌నే మళ్ళీ మళ్ళీ వెతుక్కుంటూ వెళ్ళాడు. 2015 మార్చిలో, అకొంకాగువాకు సుమారు 600 కిలోమీటర్ల ఉత్తరాన అర్జెంటీనా, చిలీ సరిహద్దులోని త్రెస్ క్రూసెస్ సూర్ శిఖరానికి ఒంటరిగా బయలుదేరి తిరిగి రాలేదు. ఏప్రిల్ మొదటి వారంలో అతని దేహాన్ని కనుగొన్నారు. ఆ నెలాఖరులో స్వగ్రామంలో అంత్యక్రియలు జరిగాయి.

నిజామాబాద్ జిల్లా పాకాలకు చెందిన మాలావత్ పూర్ణ, పద్నాలుగేళ్ళు నిండకముందే 2014 మే 25న ఎవరెస్టు ఎక్కిన గురుకుల విద్యార్థిని, 2019లో అకొంకాగువా శిఖరం చేరింది. 2022లో ఏడు శిఖరాలూ పూర్తిచేసింది. భువనగిరి కోట బండ మీద మొదలైన శిక్షణ అది. ఎండకు కాలే ఆ ఏకశిల మీద చలి గురించి నేర్చుకోవడానికి ఏమీ ఉండదు. కాళ్ళను నమ్మడం మాత్రం నేర్చుకోవచ్చు.

వేగం మీద మోజున్నవారికి ఈ కొండ వేరే లెక్కలు చూపిస్తుంది. 2014 డిసెంబరులో కిలియన్ జోర్నెట్ ఆర్కోనెస్ నుంచి శిఖరానికి వెళ్ళి 12 గంటల 49 నిమిషాల్లో తిరిగొచ్చాడు. రెండు నెలలు తిరక్కుండానే కార్ల్ ఎగ్లోఫ్ దాన్ని 11 గంటల 52 నిమిషాలకు తగ్గించాడు. గైడెడ్ బృందం అదే దారికి రెండు వారాలకు పైగా తీసుకుంటుంది.

దిగుడు, చెత్త సంచి

శిఖరం తర్వాత దిగడం రెండు మూడు రోజుల పని. మోకాళ్ళు, బొటనవేళ్ళు ఎక్కువగా దెబ్బతినేది ఇప్పుడే. అలసట, నిర్లక్ష్యం కలిసి ప్రమాదాలు కూడా దిగుడులోనే ఎక్కువ. బేస్ క్యాంపు నుంచి మరీ నడవలేనివారిని హెలికాప్టరు తీసుకెళ్తుంది. పైన చిక్కుకున్నవారికోసం మెండోసా పోలీసుల పర్వత సహాయక దళం సీజన్ అంతా కాపలా ఉంటుంది.

పార్కులోకి వచ్చేటప్పుడు ప్రతి ఒక్కరికీ అంకె వేసిన చెత్త సంచి ఒకటి ఇస్తారు. ఆ అంకె అనుమతిపత్రం మీద రాస్తారు. పై క్యాంపుల్లో మలవిసర్జన కూడా సంచుల్లోనే చేసి, కిందికి మోసుకురావాలి. గడ్డకట్టే చలిలో ఏదీ కుళ్ళదు కాబట్టి ఈ నియమం వచ్చింది. పాత క్యాంపుల చుట్టూ దశాబ్దాల చెత్త పేరుకుపోవడం చూసినవారు దీనికి ఎదురు చెప్పరు. ఆర్కోనెస్ ద్వారం దగ్గర రేంజరు మొదట అడిగేది శిఖరం గురించి కాదు, సంచి గురించి. అంకె సరిచూసుకుని, అనుమతిపత్రం మీద సంతకం చేసి, మనిషిని బయటికి వదులుతాడు. సంచి లేకుండా దిగినవారికి జరిమానా పడుతుంది.